తారు రోడ్డు ఆయుష్షు ఎక్కడ తేలుతుంది

తారు రోడ్డు పైపొర బరువులో తారు వాటా అయిదు శాతం, కాస్త అటూ ఇటూ. మిగతాదంతా కంకర, చిప్స్, రాతిపొడి. వీటి మధ్య బరువు తూగనిది ఇంకొకటి ఉంటుంది, గాలి. ఆ గాలి ఉన్న చోటికి వానాకాలంలో నీళ్లు చేరతాయి. రోడ్డు చెడితే మనం 'తారు తక్కువ వేశారు' అంటాం. పరిశోధకుల చూపు కూడా ఎక్కువగా ఆ అయిదు శాతం మీదే నిలిచింది. అది వృథా పోలేదు. తారు స్వభావం గురించి ఇవాళ మనకు తెలిసినదంతా ఆ శ్రమ ఫలితమే. అయితే నూరేళ్లకు పైబడిన ఈ పరిశోధనను ఒక వరుసలో పెట్టి చూస్తే నాకు అర్థమయ్యేది ఇది: రోడ్డు ఆయుష్షు తారు డబ్బాలో తేలదు. తారు, రాయి, గాలి, నీరు కలుసుకునే చోట తేలుతుంది. ఆ చోటు గురించిన జ్ఞానం చాలాకాలంగా మన చేతిలో ఉంది. పనిలోకి దిగింది మాత్రం తక్కువ.

ముందు తారు సంగతి చూద్దాం. ఇవాళ రోడ్లకు వాడేది బొగ్గు నుంచి తీసిన తారు కాదు, బిటుమెన్. ముడిచమురులోంచి గ్యాసు, పెట్రోలు, కిరోసిన్, డీజిల్ వేరయ్యాక అట్టడుగున మిగిలే నల్లని బరువైన పదార్థం. విశాఖ రిఫైనరీ నుంచి ట్యాంకర్లలో వచ్చేదీ అదే. ఏ దేశపు ముడిచమురు శుద్ధి చేశారన్న దాన్నిబట్టి దాని గుణం మారుతుంది. నీళ్లు చొరకుండా దీన్ని పూతగా వాడటం మొహెంజొదారో మహాస్నానవాటిక నాటికే ఉంది. ఐఐటీ మద్రాసు సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ జె. మురళీకృష్ణన్, కె.ఆర్. రాజగోపాల్‌తో కలిసి 2003లో ప్రచురించిన సమీక్ష ఆ పురాతన వాడకం నుంచి మొదలై నేటి గణిత నమూనాల దాకా నడుస్తుంది. ఇన్ని వేల ఏళ్లుగా చేతిలో ఉన్న పదార్థం ఇంకా సమీకరణాలకు పూర్తిగా లొంగలేదని ఆ ప్రయాణం చూస్తే తెలుస్తుంది.

లొంగకపోవడానికి కారణం ఉంది. ఈ పదార్థం ఎంత గట్టిదో చెప్పాలంటే రెండు ప్రశ్నలకు జవాబు కావాలి: ఎంత వేడిలో, ఎంతసేపు? బ్రిస్బేన్‌లోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో థామస్ పార్నెల్ అనే ఆచార్యుడు 1927లో, తారుకు దగ్గరి బంధువైన పిచ్‌ను ఒక గాజు గరాటులో పోశాడు. సుత్తితో కొడితే పెంకులుగా పగిలే పదార్థం అది. 2014 నాటికి గరాటులోంచి తొమ్మిది చుక్కలు జారాయి. రోడ్డు మీదా ఇదే జరుగుతుంది. ఎనభై కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే లారీ చక్రం ఒక చోట నిలిచేది క్షణంలో చిన్న భాగం. అంతసేపట్లో తారు గట్టి పదార్థంలాగే నిలబడుతుంది, వంగి మళ్లీ లేస్తుంది. అదే లారీ మే నెల మధ్యాహ్నం చెక్‌పోస్టు దగ్గర బారులో ఆగితే తారు ద్రవంలా మెల్లగా పక్కకు జరుగుతుంది. చక్రాల గాళ్లు సిగ్నళ్ల ముందు, టోల్ గేట్ల ముందు, బస్టాపుల దగ్గరే లోతుగా పడటం అందుకే. అర కిలోమీటరు అవతల అదే తారు, అదే కంకర, అదే కాంట్రాక్టరు, అయినా రోడ్డు బల్లపరుపుగా ఉంటుంది.

ఇలాంటి పదార్థానికి తొలిరోజుల్లో పెట్టిన పరీక్ష సూది. 1888లో బార్బర్ ఆస్ఫాల్ట్ కంపెనీలో బోవెన్ రూపొందించిన యంత్రం దాని మూలపురుషుడు. స్థిరపడిన పద్ధతి ప్రకారం 25 డిగ్రీల దగ్గర, 100 గ్రాముల బరువుతో సూదిని అయిదు సెకన్లు వదిలి, అది మిల్లీమీటరులో ఎన్ని పదో వంతులు దిగిందో చూస్తారు. మన దేశంలో దశాబ్దాలపాటు వాడిన 80/100, 60/70 గ్రేడులు ఆ సూది లెక్కలే. పరీక్ష చౌక, సులువు. చిక్కు ఎక్కడంటే 25 డిగ్రీల దగ్గర ఒకేలా ఉన్న రెండు తారులు 60 డిగ్రీల దగ్గర వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. రోడ్డు గాళ్లు పడేది ఆ 60 దగ్గరే. అమెరికాలోని ఎన్‌క్యాట్ పరిశోధన కేంద్రంలో అసోసియేట్ డైరెక్టర్‌గా పనిచేసిన పృథ్వీసింగ్ కంధాల్ లాంటివారు ఈ సూది లెక్కను మార్చాలని పట్టుబట్టి వాదించారు. 2006లో తారుకు మన దేశపు ప్రమాణమైన ఐఎస్ 73 స్నిగ్ధత (చిక్కదనం) గ్రేడులకు మారింది. వీజీ-10, వీజీ-30, వీజీ-40 అన్న పేర్లు అప్పటినుంచి వచ్చినవే. వీజీ-30 అంటే 60 డిగ్రీల దగ్గర స్నిగ్ధత కనీసం 2400 పాయిజ్ ఉండాలి. మన రోడ్ల చరిత్రలో నాకు బాగా నచ్చిన మార్పుల్లో ఇదొకటి. కొత్త యంత్రమేదీ పెద్దగా అక్కర్లేదు, ప్రశ్న అడిగే ఉష్ణోగ్రత మారిందంతే.

తారు నుంచి మిశ్రమానికి వస్తే, మన కాంట్రాక్టు పత్రాలన్నిటా కనిపించే పేరు మార్షల్. మిసిసిపీ హైవే విభాగంలో బ్రూస్ మార్షల్ 1939 ప్రాంతంలో ఈ పద్ధతి తయారుచేశాడు. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల రన్‌వేలు వేగంగా వేయాల్సి వచ్చినప్పుడు అమెరికా సైన్యపు ఇంజినీర్లు దాన్ని అందుకుని మెరుగుపెట్టారు. నాలుగు అంగుళాల వ్యాసం గల బిళ్లను అచ్చులో పోసి, సుమారు నాలుగున్నర కిలోల సుత్తిని అడుగున్నర ఎత్తు నుంచి ఒక్కో వైపు 75 సార్లు జారవిడుస్తారు. బిళ్లను 60 డిగ్రీల నీటిలో అరగంట ఉంచి, పక్కల నుంచి నొక్కి, ఎంత బరువుకు ఓడిపోయిందో, ఓడేలోపు ఎంత నలిగిందో రాసుకుంటారు. మన నిర్దేశాల్లో వీజీ-30 మిశ్రమానికి ఆ బరువు కనీసం 9 కిలోన్యూటన్లు, ఖాళీలు 3 నుంచి 5 శాతం. ఎనభై ఏళ్లు దాటినా ఈ సుత్తి పనికొస్తూనే ఉంది. ఎందుకంటే తారు ఎంత కలపాలో, ఖాళీలు ఎన్ని ఉంచాలో తేల్చడంలో అది నమ్మదగినది. కాని స్థిరత్వం అంకె ఎక్కువ వస్తే రోడ్డు ఎక్కువకాలం ఉంటుందనుకోవడం పొరపాటు. సుత్తి దెబ్బ రోలర్ చేసే పిసుకుడు లాంటిది కాదు. ఆ నొక్కుడూ లారీ చక్రపు నొక్కుడు లాంటిది కాదు. గట్టి మిశ్రమం పెళుసుదీ కావచ్చు.

అసలు లారీలు రోడ్డును ఎంత పాడుచేస్తాయో కొలవడానికి 1958 నుంచి 1960 దాకా ఇల్లినాయిలోని ఒటావా దగ్గర ఒక మహాప్రయోగం జరిగింది. 'ఆషో రోడ్ టెస్ట్' అని పేరు. ప్రత్యేకంగా వేసిన చుట్టురోడ్ల మీద సైనిక డ్రైవర్లు రెండేళ్లపాటు ట్రక్కులు తిప్పారు. 11 లక్షలకు పైగా ఇరుసు భారాలు పడ్డాయి. అందులోంచి వచ్చిన సూత్రం ఇవాళ్టికీ ఇంజినీర్ల నోట ఉంటుంది: ఇరుసు బరువు పెరిగితే నష్టం దాదాపు దాని నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బరువు రెట్టింపైతే నష్టం పదహారు రెట్లు. ఒకటిన్నర రెట్లయితే సుమారు అయిదు రెట్లు. 2018లో మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు చట్టబద్ధమైన పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. పెరిగింది ఎనిమిదో వంతే. నాలుగో ఘాతం లెక్కలో చూస్తే నిండుగా ఎక్కించిన ఒక్కో ఇరుసు చేసే నష్టం అరవై శాతం పెరిగింది. గ్రానైటు దిమ్మెలు, ఇసుక, సిమెంటు, ధాన్యం మోసే దారుల్లో దీని అర్థం ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ ప్రయోగానికి హద్దులున్నాయి. ఒకే నేల, ఒకే వాతావరణం, రెండేళ్ల కాలం. తారు ఎండకు ముసలిదయ్యేంత సమయం అందులో లేదు. కాబట్టి కొలతను దాటి కారణంలోకి వెళ్లాల్సి వచ్చింది. కొలంబియా విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బర్మిస్టర్ 1943లోనే పొరలు పొరలుగా ఉన్న నేలలో భారం ఎలా పంపిణీ అవుతుందో గణితంగా రాసి పెట్టాడు. కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ హ్వీమ్, రోడ్డు మళ్లీమళ్లీ కొద్దిగా వంగడానికీ పగుళ్లకూ ఉన్న సంబంధాన్ని 1955లో చూపించాడు. ఆ దారిని పెద్ద రహదారి చేసినవారు బర్క్‌లీలో కార్ల్ మోనిస్మిత్, ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్‌లో పీటర్ పెల్. మిశ్రమాన్ని చిన్న దూలంలా కోసి, లక్షలసార్లు వంచి, ఎంత సాగుడుకు ఎన్నిసార్లలో విరుగుతుందో వాళ్లు కొలిచారు. తేలినదేమిటంటే, ఆ కోవ పగుళ్లు మనకు పైన కనిపించినా పుట్టేది తారు పొర అడుగున. చక్రం నొక్కినప్పుడు పొర పైన కుంచించుకుంటుంది, అడుగున సాగుతుంది. రోజూ కొంచెం కొంచెం సాగి, ఒకనాడు అక్కడ చీలి, ఆ చీలిక పైకి పాకుతుంది. మొసలి చర్మంలా అల్లుకున్న పగుళ్లు కనిపించే సరికి లోపలి కథ చాలా ఏళ్ల కిందటే మొదలై ఉంటుంది. ఆ తర్వాత దాని మీద పలచగా కొత్త పొర పరిస్తే కిందున్న పగుళ్లు దానిలోంచీ పైకి వస్తాయి.

ఈ ఆలోచనే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ (ఐఆర్‌సీ) ప్రమాణమైన ఐఆర్‌సీ:37లోకి వచ్చింది. 1970లో మొదట వచ్చినప్పుడు అది నేల బలాన్ని చూసి మందం చెప్పే పట్టికలాంటిది. 2001 సవరణ నాటికి పొర అడుగున సాగుడెంత, నేల మీద పడే నొక్కుడెంత అని లెక్కించే పద్ధతికి మారింది. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో జరిగిన పరిశోధనలు దానికి ఆధారం. అక్కడ తయారైన ఐఐటీపేవ్ సాఫ్ట్‌వేరు తర్వాతి సవరణతో వచ్చింది. ఈ విషయంలో భారతీయ ఆచార్యులు చేసినది తక్కువేమీ కాదు. పొర మందం నిర్ణయించే శాస్త్రంలో మన ప్రమాణం ఏ దేశపు ప్రమాణం పక్కనైనా నిలబడగలదు.

తారు పరిశోధనలో అతిపెద్ద ప్రయత్నం 1987లో అమెరికాలో మొదలైంది. వ్యూహాత్మక రహదారి పరిశోధన కార్యక్రమం, ఇంజినీర్ల వాడుకలో 'షార్ప్'. అయిదేళ్లకు 15 కోట్ల డాలర్లు, అందులో ఒక్క తారు మీదే 5 కోట్లు. దాని ఫలితం సూపర్‌పేవ్ పద్ధతి. ఇందులో గ్రేడు పేరే వాతావరణం చెబుతుంది. పీజీ 64-22 అంటే రోడ్డు 64 డిగ్రీల దాకా వేడెక్కినా గాడి పడకూడదు, మైనస్ 22కి చల్లబడినా చీలకూడదు. పరీక్ష చూడ్డానికి చిన్నది. రెండు లోహపు పళ్లేల మధ్య ఒక మిల్లీమీటరు మందం, 25 మిల్లీమీటర్ల వ్యాసం గల తారు బిళ్ల. పై పళ్లెం అటూ ఇటూ స్వల్పంగా తిరుగుతుంది. అది ఎంత గట్టిగా ఎదిరించిందో, ఆ ఎదిరింపులో తిరిగి లేచే గుణమెంత, జారిపోయే గుణమెంత అని యంత్రం విడదీసి చెబుతుంది. అంతకుముందే తారును 163 డిగ్రీల వేడిగాలిలో 85 నిమిషాలు తిప్పుతారు. ప్లాంటులో కలిపేటప్పుడు అది పడే వేడికి ఇది సమానం. తర్వాత 20 గంటలు పీడనం కింద ఉంచితే కొన్నేళ్ల వయసు మీద పడినట్టవుతుంది.

మన ఊళ్లకు ఇది ఎంత ముఖ్యమో ఒక లెక్క చేసి చూడొచ్చు. షార్ప్ ఇచ్చిన సూత్రంలో గాలి ఉష్ణోగ్రత, అక్షాంశం పెడితే రోడ్డు పైనుంచి 20 మిల్లీమీటర్ల లోతున ఎంత వేడుంటుందో వస్తుంది. విజయవాడ అక్షాంశం పదహారున్నర డిగ్రీలు. వరుసగా ఏడు రోజుల గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 44 అనుకుందాం. జవాబు 66 డిగ్రీల పైచిలుకు. అంటే పీజీ 64 చాలదు, 70 కావాలి. లారీలు నెమ్మదిగా కదిలే చోట ఇంకో మెట్టు పైకి. మనం తారును పరీక్షించేది 60 దగ్గర. అక్కడి నుంచి 66కు వెళ్లేసరికి తారు స్నిగ్ధత సగానికి, ఇంకా కిందికీ పడిపోవచ్చు. రామగుండం, నంద్యాల, రెంటచింతల రోడ్లకు ఏ తారు కావాలో ఊహతో కాక లెక్కతో చెప్పే సాధనం మూడు దశాబ్దాలుగా ఉంది. పాలిమర్ కలిపిన తారులకు 2019లో సవరించిన ఐఎస్ 15462 ఈ తరహా గ్రేడులనే తీసుకుంది. మామూలు తారుకు మాత్రం మనం ఇంకా వీజీ దగ్గరే ఉన్నాం.

సూపర్‌పేవ్‌లోనూ లోపం బయటపడింది. దాన్ని బయటపెట్టిన తీరు ఈ రంగంలో ఒక ఆచార్యుడి పరిశోధన ఎలా ఉండాలో చూపిస్తుంది. హుసేన్ బాహియా పెన్ స్టేట్‌లో విద్యార్థిగా డేవిడ్ యాండర్సన్‌తో కలిసి షార్ప్ పరీక్షల తయారీలోనే పాలుపంచుకున్నవాడు. విస్కాన్సిన్‌లో సివిల్ ఇంజినీరింగ్ ప్రొఫెసర్ అయ్యాక, తన చేతి మీదుగా వచ్చిన పద్ధతినే మళ్లీ ప్రశ్నించాడు. 2001లో వెలువడిన నివేదికలో ఆయన బృందం చెప్పింది ఇది: ఆ పరీక్షలు తారును మరీ సున్నితంగా కదుపుతున్నాయి. పాలిమర్ కలిపిన తారు అంత చిన్న కదలికలో తన బలాన్ని బయటపెట్టదు. దాని గొప్పతనం పెద్ద భారం పడి తీసేశాక ఎంత వెనక్కి లేస్తుందన్న దాంట్లో ఉంది. ఆ తర్వాత అమెరికా ఫెడరల్ హైవే సంస్థలో జాన్ డి ఆంజెలో పూర్తిచేసిన పరీక్ష ఇప్పుడు ప్రమాణమైంది. ఒక సెకను భారం, తొమ్మిది సెకన్ల విశ్రాంతి, ఇలా పదేపదే. చివరికి మిగిలిపోయిన వంపే గాడికి కొలత. అలసట పగుళ్లకు కూడా బాహియా బృందం, నార్త్ కరోలినాలో రిచర్డ్ కిమ్ వేసిన సిద్ధాంతపు పునాది మీద, తారును క్రమంగా ఎక్కువెక్కువగా కుదిపే ఒక వేగవంతమైన పరీక్ష తయారుచేసింది.

కెనడాలో క్వీన్స్ విశ్వవిద్యాలయ రసాయన శాస్త్రవేత్త సైమన్ హెస్ప్ ఇంకో పక్క నుంచి వచ్చాడు. ఒకే గ్రేడు కాగితం ఉన్న రెండు తారులు ఆంటారియో రోడ్ల మీద వేర్వేరుగా పగలడం చూసి, వాడేసిన ఇంజిన్ ఆయిల్ శుద్ధిలో మిగిలిన మడ్డి కలిపిన తారులు త్వరగా పగుళ్లిస్తున్నాయని వాదించాడు. పరీక్ష తెలిసిన అమ్మకందారు ఆ పరీక్ష నెగ్గేలా తారును సర్దగలడు. ఏ ప్రమాణమూ శాశ్వతం కాకపోవడానికి ఇదొక కారణం.

ఇక్కడిదాకా తారు కథ. నేను ఎక్కువ చెప్పాలనుకున్నది ఇక ముందుంది.

వానాకాలం పోయాక గుంతలు పడ్డ రోడ్డులో, గుంత పక్కన బాగానే ఉన్నట్టు కనిపించే చోట కోర్ కట్టర్‌తో ఒక ముక్క తీసి చూడండి. పైన ఒకటి రెండు సెంటీమీటర్లు నల్లగా, గట్టిగా ఉంటుంది. కింద భాగం చేతిలోనే విడిపోతుంది. అక్కడి కంకర రాళ్లు కడిగినట్టు బూడిదరంగులో ఉంటాయి, వాటి మీద తారు పూత ఉండదు. తారు మాయం కాలేదు, రాయిని వదిలేసింది. దక్కన్ పీఠభూమిలో మన కంకర ఎక్కువగా గ్రానైటు జాతి రాయి. సిలికా ఎక్కువున్న రాయి. ఈ రాతికి తారుకన్నా నీటి మీద మక్కువ. చుట్టూ నీరుంటే అది తారు పొర కిందికి మెల్లగా దూరి రాతి ముఖాన్ని ఆక్రమిస్తుంది. పైన చక్రం వెళ్లినప్పుడల్లా ఖాళీల్లోని నీరు ఒత్తిడికి లోనై, చక్రం దాటగానే వెనక్కి లాగబడుతుంది. పగలూ రాత్రీ ఆ పంపు పని చేస్తూనే ఉంటుంది. గుంత బయటపడేది చివరి రోజున మాత్రమే.

ఈ సంగతిని శాస్త్రంగా పట్టుకున్నవాళ్లున్నారు. ఐడహో విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లాట్‌మన్ 1970ల్లో మొదలుపెట్టిన పద్ధతి, సవరణలతో ఇవాళ అన్నిచోట్లా వాడుతున్నారు. మిశ్రమపు బిళ్లల్లో కొన్నిటికి నీరు ఎక్కించి, గడ్డకట్టించి, 60 డిగ్రీల నీటిలో ఒక రోజు ఉంచి, తర్వాత చీల్చి చూస్తారు. పొడిబిళ్ల బలంలో 80 శాతం నిలవాలి. ఇది మన నిర్దేశాల్లోనూ ఉంది. దానితోపాటు ఇంకో పాత పరీక్షా ఉంది: తారు పూసిన చిప్స్‌ను బీకరులో 40 డిగ్రీల నీళ్లలో ఒక రోజు వేసి ఉంచి, పూత 95 శాతం మిగిలిందా లేదా అని కంటితో చూసి రాయడం. చక్రపు ఒత్తిడి లేని, కంటి అంచనా మీద నడిచే ఆ పరీక్షను నమ్మి వానపడే చోట రోడ్డు వేయడం నాకు ఎంతమాత్రం మనసొప్పదు. హాంబర్గ్ పద్ధతిలో 50 డిగ్రీల నీళ్లలో మునిగిన పలక మీద ఉక్కు చక్రాన్ని ఇరవై వేలసార్లు నడిపిస్తారు. నీటికి లొంగిపోయే మిశ్రమం ఆ చక్రం కింద ఒక దశలో ఒక్కసారిగా కూలుతుంది. అలాంటి యంత్రం ప్రతి పెద్ద ప్రాజెక్టు వెంటా ఉండాలి.

మందు కూడా తెలిసినదే. టెక్సాస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో డల్లాస్ లిటిల్ దశాబ్దాలపాటు చెబుతూ వచ్చినది పొడి సున్నం. మిశ్రమంలో ఒకటి, ఒకటిన్నర శాతం కలిపితే రాతి ముఖం మీద కాల్షియం చేరి తారుతో బంధం నీటికి లొంగనిదవుతుంది. తారు ముసలితనం కూడా కొంత వెనక్కి జరుగుతుంది. సున్నపు బట్టీలకు పేరుపడ్డ పిడుగురాళ్ల మన దగ్గరే ఉంది. గ్రానైటు కంకరా మన దగ్గరే ఉంది. ఈ రెండింటినీ కలిపి, మన కంకరకు ఎంత సున్నం, ఏ రూపంలో, ప్లాంటులో ఎక్కడ వేయాలి అని తేల్చే పని తెలుగు రాష్ట్రాల ఇంజినీరింగ్ కళాశాలలు ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఎంటెక్ విద్యార్థికి ఇంతకన్నా పనికొచ్చే విషయం నాకు తోచదు.

నీరు లోపలికి ఎంత వెళ్తుందన్నది ఖాళీల మీద ఆధారపడుతుంది. షార్ప్ కాలంలో ఆరెగన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో రొనాల్డ్ టెరెల్ బృందం ఒక ముఖ్యమైన సంగతి గమనించింది. ఖాళీలు బాగా తక్కువైతే నీరు చొరదు. బాగా ఎక్కువైతే నీరు వచ్చినా కారిపోతుంది. ప్రమాదమంతా మధ్యలో: నీరు దూరగలదు, బయటికి పోలేదు. సరిగా రోలింగు కాని రోడ్డు సరిగ్గా ఆ మధ్య చోటే నిలుస్తుంది. కంధాల్, వి.కె. సిన్హా, ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ ఎ. వీరరాఘవన్ 2008లో మన దేశంలో వాడే తారు మిశ్రమాలను ఒక్కొక్కటిగా విమర్శిస్తూ రాసిన వ్యాసం ఈ కోణంలో చూడదగినది. నీటిని పట్టి ఉంచే అర్ధ సాంద్ర మిశ్రమాలు మనకొద్దని వాళ్లు స్పష్టంగా అన్నారు.

రోలింగు విలువ ఎంతో చెప్పే అంకె ఒకటి ఉంది. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ ప్రొఫెసర్ జో మహోనీ, ఇద్దరు సహచరులతో కలిసి 1989లో తేల్చినది: రోడ్డు వేసిన రోజున ఖాళీలు 7 శాతం దాటితే, ఆపైన పెరిగే ప్రతి ఒక్క శాతానికీ ఆయుష్షులో సుమారు పదో వంతు పోతుంది. 11 శాతం ఉన్న రోడ్డు పుట్టిన రోజే తన బతుకులో నలభై శాతం పోగొట్టుకున్నట్టు. ఇంత నష్టాన్ని పూడ్చగల పాలిమర్ గాని, ప్లాస్టిక్ గాని నేను చూడలేదు. రోలింగుకు వేడి కావాలి. మన నిర్దేశం ప్రకారం వీజీ-30 మిశ్రమం పరిచేటప్పుడు కనీసం 140 డిగ్రీలు ఉండాలి, 90కి దిగేలోపు రోలింగు అయిపోవాలి. టిప్పర్ ట్రాఫిక్‌లో ఆగిపోయి, డిసెంబరు రాత్రి చలిగాలిలో పాతిక మిల్లీమీటర్ల పలచని పొర పరిస్తే చేతిలో ఉండేది కొద్ది నిమిషాలు. పొర పలచబడే కొద్దీ చల్లారే సమయం ఇంకా వేగంగా తగ్గిపోతుంది. పేవర్ వెనకే రోలర్ ఉందా లేదా అన్నది తారు గ్రేడు కన్నా ముఖ్యమైన ప్రశ్న అవుతుంది. సైటులో థర్మామీటరు పట్టుకుని నిలబడ్డ అసిస్టెంట్ ఇంజినీరు, రోలర్ డ్రైవరు రోడ్డుకు చేసే మేలు ఏ కొత్త పదార్థమూ చేయలేదు.

కొత్త పదార్థాలను చిన్నచూపు చూడాలని కాదు. మదురై త్యాగరాజర్ ఇంజినీరింగ్ కళాశాలలో రసాయన శాస్త్ర ఆచార్యుడు ఆర్. వాసుదేవన్ 2002లో తమ ప్రాంగణంలోనే ప్లాస్టిక్ కలిపిన రోడ్డు వేయించాడు. 2006లో పేటెంటు, 2013లో ఐఆర్‌సీ మార్గదర్శకం, 2018లో ఆయనకు పద్మశ్రీ. ఆ పద్ధతిలో నాకు విలువైనదిగా కనిపించేది ప్లాస్టిక్‌ను తారులో కాక వేడి కంకర మీద ముందే పూయడం. పీల్చే గుణం, నీటి మక్కువ ఉన్న రాతి ముఖాన్ని అది మూసేస్తుంది. అంటే ఆయన కూడా చేరింది రాయి, నీరు కలిసే చోటికే. అయితే వాడే ప్లాస్టిక్ తారు బరువులో 6 నుంచి 8 శాతం, కాబట్టి టన్ను మిశ్రమానికి నాలుగు కిలోలు మించదు. చెత్త సమస్య మొత్తం దీంతో తీరుతుందనడం అతిశయోక్తి. పీవీసీ కలిస్తే వేడికి విషవాయువు వస్తుంది కాబట్టి ఏరివేత కచ్చితంగా ఉండాలి. రోడ్డు అరిగి సూక్ష్మ ప్లాస్టిక్‌గా పోయేదెంత అన్నది ఇంకా తేలాల్సిన ప్రశ్న.

టైరు రబ్బరు పొడి కథ పాతది. 1960ల్లో అరిజోనాలోని ఫీనిక్స్ నగర ఇంజినీరు చార్లెస్ మెక్‌డొనాల్డ్ వేడి తారులో రబ్బరును ఉడికించి పగుళ్ల మీద వాడాడు. మనలాంటి ఎండ ఉన్న ఊరే అది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ఎరిక్ ష్లాంగెన్ తారులో ఉక్కు పీచు కలిపి, పైనుంచి ప్రేరక విద్యుత్తుతో వేడిచేసి చిన్న పగుళ్లు తమంతట పూడేలా చేశాడు. 2010లో ఏ58 రహదారి మీద దాన్ని వేశారు. నీరు ఇంకే రోడ్లలో రాళ్లు లేచిపోయే డచ్చివారి సమస్యకు అది తగినది. మన అవసరాల వరుసలో అది వెనక ఉంటుంది. కేంద్ర రహదారి పరిశోధన సంస్థ (సీఆర్‌ఆర్‌ఐ) శాస్త్రవేత్తలు 2022లో సూరత్ హజీరాలో ఉక్కు పరిశ్రమ చిట్టెంతో రోడ్డు వేయించడం, 2024లో నాగ్‌పూర్ దగ్గర పంట వ్యర్థాల లిగ్నిన్ కలిపిన తారుతో కొంత దూరం వేయడం మంచి ఆరంభాలు. వాటి ఫలితాన్ని అయిదారు వానాకాలాలు దాటాక చూడాలి.

వీటన్నిటికన్నా డబ్బు మిగిల్చేది పాత రోడ్డు. మిల్లింగు చేసి తీసిన పొరలో మంచి కంకరా ఉంది, ముసలిదైనా తారూ ఉంది. అమెరికాలో కొత్త మిశ్రమాల్లో సగటున అయిదో వంతు ఇలా తిరిగి వచ్చినదే. పరిశోధకులను ఇప్పుడు వేధిస్తున్న ప్రశ్న, ఆ గట్టిపడిన పాత తారులో ఎంత భాగం కరిగి కొత్తదానితో కలుస్తుంది, ఎంత భాగం నల్లరాయిలా అలాగే ఉండిపోతుంది అన్నది. అంతా కలుస్తుందని లెక్కవేస్తే మిశ్రమంలో తారు తక్కువై పగుళ్లు వస్తాయి. మనకు ఐఆర్‌సీ:120 అనే మార్గదర్శకం 2015 నుంచి ఉంది. మన ఎండలో పదేళ్లు కాగిన తారు చలిదేశపు తారు కన్నా ఎక్కువ గట్టిపడి ఉంటుంది కాబట్టి, వాళ్ల అంకెలు తెచ్చి మనకు వాడటం సరికాదు.

ఇన్ని ప్రశ్నలకు జవాబు తెచ్చేది ఒక్కటే, రోడ్డు మీద ఏళ్ల తరబడి కొలత. అలబామాలో ఎన్‌క్యాట్ వాళ్ల అండాకారపు ట్రాక్ 1.7 మైళ్లు. 2000 నుంచి దాని మీద చిన్నచిన్న భాగాలుగా రకరకాల మిశ్రమాలు పరిచి, బరువెక్కించిన ట్రక్కులు తిప్పుతూ, ఏ ముక్క ఎప్పుడు ఎలా చెడిందో లోకానికి ప్రకటిస్తున్నారు. మనకు అంత ట్రాక్ వెంటనే రాకపోవచ్చు. కాని ప్రతి కొత్త పదార్థపు రోడ్డులోనూ అయిదు వందల మీటర్లు ఆ పదార్థం లేకుండా, అదే కంకరతో, అదే రోలర్‌తో, అదే వారంలో వేయించడం ఒక టెండరు నిబంధనతో అయ్యే పని. రెండు ముక్కల నుంచీ వేసిన వారంలోపే కోర్లు తీసి ఖాళీల శాతం రాయాలి. ప్రతి వానాకాలం ముందూ వెనకా గాడి లోతు, పగుళ్ల విస్తీర్ణం కొలవాలి. దగ్గర్లోని ఇంజినీరింగ్ కళాశాలకు ఆ బాధ్యత అప్పగించి, అంకెలు ఏటా అందరికీ కనిపించేలా పెట్టాలి. వరంగల్ ఎన్‌ఐటీలో రవాణా ఇంజినీరింగ్ విభాగం ఉంది, హైదరాబాద్, తిరుపతి ఐఐటీలున్నాయి, జిల్లాకొక కళాశాల ఉంది. పదేళ్ల ఆ అంకెలు ఉంటే ప్లాస్టిక్ ఎంత మేలు చేసిందో, సున్నం ఎంత చేసిందో, పాత తారు ఎంత కలపొచ్చో మన నేల మీద, మన ఎండలో, మన లారీల కింద తేలుతుంది.